వీడియో చూస్తే చెయ్యి తిరుగుతుందా?

పైథాన్ నాకు ఏ సారూ నేర్పలేదు. ఆస్పరిలో మా మిద్దె మీద కూర్చుని యూట్యూబ్‌లో నేర్చుకున్నా. అందుకే ఏ కోర్సైనా ఆన్‌లైన్‌లో అయిపోతుందిలే అని చాన్నాళ్లు వాదించేవాణ్ని. ఆ వాదనకు గండి కొట్టింది బీఫార్మసీ చదివిన మా మేనమామ కూతురే.

2020 లాక్‌డౌన్‌లో వాళ్లకు ప్రాక్టికల్స్ కూడా ఫోన్‌లోనే. సార్ టైట్రేషన్ చేస్తుంటే వీళ్లు రీడింగులు రాసుకోవడం. కాలేజీ తెరిచాక తను బ్యూరెట్ పట్టుకుంది. ఫినాఫ్తలీన్ వేసిన యాసిడ్‌లోకి ఆల్కలీ చుక్కచుక్కగా వదిలి, లేత గులాబీ రంగు నిలవగానే ఆపాలి. తనకేమో ప్రతిసారీ ముదురు గులాబీయే! ‘చూసినప్పుడు సులువే అనిపించింది బావా, చెయ్యి ఆగలేదు’ అంది.

అలాగని ఆన్‌లైన్‌ను తీసిపారేయను. రోజూ ఆదోనికో, కర్నూలుకో తిరిగే ఫార్మసీ విద్యార్థులను అడిగి చూడండి. ఫార్మకాలజీని రాత్రిపూట రెండోసారి వినడానికి వీడియోను మించింది లేదంటారు. క్లాసులో ‘మళ్లీ చెప్పండి సార్’ అనడానికి మొహమాటం, ఫోన్‌తో ఆ బాధ లేదు. జీప్యాట్ ప్రిపరేషన్‌కూ అంతే (సిగ్నల్ ఉంటే అనుకోండి).

మాత్రల తయారీ అలా కాదు. పొడిలో బైండర్ కలిపి తడిపాక, కొంచెం ముద్ద తీసుకుని పిడికిట్లో నొక్కి చూస్తారు. ముద్ద నిలవాలి, వేలితో తడితే విరగాలి. ఆ తడి ఎంతుండాలో అరచేతికే తెలుస్తుంది. జొన్నరొట్టె చేసే అమ్మనడిగినా ఇదే చెబుతుంది.

రూల్సూ ఇలాగే ఉన్నాయి. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం ఫార్మసీ డిగ్రీని ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇవ్వకూడదు. డీఫార్మసీలో రెండేళ్ల చదువయ్యాక 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ తప్పదు. బీఫార్మసీలో థియరీకి, ప్రాక్టికల్స్‌కు విడివిడిగా 80 శాతం హాజరుండాలి. ‘కాలేజీకి రాకున్నా సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అనేవాళ్లకు ఫీజు కట్టేముందు ఇవి గుర్తుంచుకోండి.

అయితే రోజూ కాలేజీకి వెళ్లినంత మాత్రాన పని వచ్చేసినట్టు కాదు. కాలేజీ తెరిచాక కూడా మా మరదలి ల్యాబ్‌లో నలుగురికి ఒకటే బ్యూరెట్. ఒకరు చేస్తే ముగ్గురు చూసి రాసుకునేవారట. అదీ వీడియో చూడటం లాంటిదే కదా! దానికి బస్సు చార్జీ దండగ. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేముందు ఆ కాలేజీ సీనియర్లను ప్లేస్‌మెంట్స్ గురించి ఎలాగూ అడుగుతారు. ఒక్కో బ్యూరెట్‌కు ఎంతమందో కూడా అడగండి.