వయసు లెక్కపెట్టారు, వంట మరిచారు

2018 డిసెంబరులో మస్తానమ్మ కన్నుమూసినప్పుడు మన పత్రికల నుంచి విదేశీ వార్తాసంస్థల దాకా అందరిదీ ఒకటే మాట: 107 ఏళ్ల యూట్యూబ్ బామ్మ ఇక లేరు. నా కంటపడిన వార్తల్లో ఆమె వయసు రాయనిది ఒక్కటీ లేదు. కూర ఎలా వండేదో నాలుగు వాక్యాలైనా రాసింది మాత్రం దొరకలేదు. ఆ బాధ నాకింకా తీరలేదు.

ఆమెది తెనాలి మండలం గుడివాడ. కృష్ణా జిల్లా గుడివాడ కాదు, గుంటూరు జిల్లాలోని పల్లె. 11 ఏళ్లకే పెళ్లి. 22 ఏళ్లకే భర్త పోయాడు. ఐదుగురు బిడ్డల్లో ఒక్కడే దక్కాడు. కూలికి పోయి, తాటాకు పాకలో బతుకు వెళ్లదీసింది. 2016లో మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి ఆమె వండిన వంకాయ కూరను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. అలా మొదలైన ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్‌కు రెండేళ్లు తిరిగేసరికి 12 లక్షల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు.

ఆమె అల్లం ఒలిచే తీరు చూడండి. చాకు పట్టదు, గోటితో గీకుతుంది. అల్లం తొక్క చాలా పలచన. చాకు పెడితే తొక్కతో పాటు కండా పోతుంది. గోటికి తొక్క ఎక్కడ ఆగుతుందో తెలుసు. దీన్ని చూసి ‘పాపం, పెద్దావిడ’ అని మురిసిపోయినవాళ్లే ఎక్కువ. పొయ్యి దగ్గరా అంతే. పొలం గట్టున కట్టెల మంట. గాలి ఎటు తిరిగితే మంట అటు పోతుంది. తిప్పడానికి గ్యాసు పొయ్యి మీట లేదు, చూడటానికి గడియారం లేదు. ఓ కట్టె వెనక్కి లాగి, ఓ కట్టె ముందుకు నెట్టి, కమ్మటి వాసన రాగానే దించేయాలి. అదెంత కష్టమో కట్టెల పొయ్యి మీద ఒక్కపూటైనా వండినవాళ్లకే తెలుస్తుంది.

ఆ నేర్పుకు మనం పెట్టిన పేరు ‘చేతి మహిమ’. ఆ ఒక్కమాట పారేసి ఊరుకుంటాం. మహిమ అంటే నేర్చుకోనక్కర్లేదు, రాసుకోనక్కర్లేదు, గురువని దణ్ణం పెట్టనక్కర్లేదు. బాగా వండితే నలభీమపాకం అంటాం. ఆ పేరులో ఉన్న ఇద్దరూ మగవాళ్లే. కూలికి పోయివచ్చి పొయ్యి రాజేసిన ఆడమనిషి పేరు అందులో ఎక్కడుంది? డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో బడి భోజనానికి పెట్టుకున్నాం, చాలా మంచి పని. కానీ అది అన్నదానానికి దక్కిన గౌరవం. వంట తెలిసినందుకు ఒక పేదరాలికి దక్కిన గౌరవం ఏదైనా ఉంటే చూపించండి.

మస్తానమ్మ గుజ్జు తీసిన పుచ్చకాయ డొప్పలో కోడికూర వండితే ప్రపంచం దాన్ని వింత అంది. నాకు వింతగా తోచలేదు. చేతికి దొరికినదాన్నే గిన్నె చేసుకోవడం ఇంట్లో గిన్నెలు తక్కువున్నవాళ్లకు కొత్త కాదు. ఇవాళ బెజవాడలో ‘పల్లె రుచులు’, ‘అమ్మ చేతి వంట’ అని హోటలు బోర్డులు వెలుగుతున్నాయి. ఆ రుచి ఎవరి పొయ్యి మీంచి వచ్చిందో ఏ బోర్డూ చెప్పదు.

రేపల్లెలో, అవనిగడ్డలో, దివిసీమ పల్లెల్లో ఇంకా అలాంటి చేతులున్నాయి. వంటల కోర్సులు నడిపే కాలేజీలు వాళ్లను పిలిచి, కుర్చీ వేసి, పాఠం చెప్పించుకోవాలి. దక్షిణ ఇచ్చి చెప్పించుకోవాలి. అప్పటిదాకా ఆగలేనివాళ్లు మీ ఇంటి పెద్దావిడ పొయ్యి పక్కన పుస్తకం పట్టుకుని కూర్చోండి. మస్తానమ్మ వీడియోలు మళ్లీ పెట్టుకుని చూడండి. ఈసారి ముఖంలోని ముడతలు చూడకండి, చేతులు చూడండి.