కూలీ లెక్క ఊరంతా విన్నది, సర్పంచ్ లెక్కో?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైన తొలి జిల్లాల్లో మన విజయనగరం ఒకటి. మరుసటి ఏడాది శ్రీకాకుళానికీ వచ్చింది. దాని వెంటే సామాజిక తనిఖీ వచ్చింది. ఏ కూలీ ఎన్ని రోజులు మట్టి తవ్విందో, ఎంత కూలి అందుకుందో మస్టరు చదివి ఊరందరికీ వినిపించారు. మంచిదే. ప్రజల సొమ్ము ప్రతి పైసాకూ లెక్క ఉండాల్సిందే.

మరి ఆ ఊరిని ఏలే మనిషి లెక్క ఎవరు చదివారు?

పంచాయతీలో ఒక సిమెంటు రోడ్డు బిల్లు తీసుకోండి. దాని మీద కార్యదర్శి సంతకం ఉంటుంది, సర్పంచ్ సంతకమూ ఉంటుంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి ఏటా జనవరి 15లోగా తన ఆస్తుల వివరాలు సమర్పించాలి. ఉద్యోగ మిత్రులకు ఈ సంగతి మేం చెప్పనక్కర్లేదు. పక్కన సంతకం పెట్టిన ప్రజాప్రతినిధి మాత్రం నామినేషన్ రోజున ఒక్కసారి ఆస్తులు, అప్పులు, కేసులు రాసిస్తే సరిపోతుంది. ఆ పాటి ప్రకటన కూడా నాయకుల దయతో రాలేదు. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2002లో, మళ్లీ 2003లో తేల్చి చెప్పాక వచ్చింది. గెలిచాక ఐదేళ్లలో ఇల్లు మేడ అయినా, సైకిల్ కారు అయినా అడిగే నాథుడు లేడు.

చట్టం లేదా? ఉంది. పంచాయతీతో కాంట్రాక్టు ఉన్నవాడు సభ్యత్వానికి అనర్హుడని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. అయితే ఆ కాగితంలో సర్పంచ్ పేరు ఎందుకుంటుంది? పని బావమరిది పేరున ఉంటుంది. ట్రాక్టరు తమ్ముడిది. ఎం.బుక్కులో కొలతలు రాసేవాడికీ, బిల్లు పాసు చేసేవాడికీ అసలు కాంట్రాక్టరు ఎవరో తెలుసు. తెలియనిది ఒక్క రికార్డుకే!

ఇంగ్లండులో 2011 నాటి చట్టం ప్రకారం స్థానిక సభ్యుడు గెలిచిన 28 రోజుల్లో తనకే కాదు, భార్యకో భర్తకో ఆ సంస్థతో ఉన్న కాంట్రాక్టులను కూడా రిజిస్టరులో రాయించాలి. దాస్తే నేరం. అంత దూరం వద్దనుకుంటే కేరళను చూడండి. గెలిచిన సభ్యుడు ఆస్తుల ప్రకటన ఇవ్వాలని అక్కడి పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది.

ఇలా అడిగితే పేదలు, ఆడవాళ్లు, దళితులు, గిరిజనులు పోటీకి భయపడతారని కొందరు పెద్దలు దిగులు పడుతున్నారు. ఆ దిగులు ఎవరి కోసం? దాచుకోవడానికి ఏమున్నదని పేదవాడు భయపడాలి? రిజర్వుడు సీట్లలో సంతకం ఒకరిది, పెత్తనం మరొకరిది అవుతున్న చోట రేపు రికవరీ నోటీసు వచ్చేది సంతకం పెట్టిన ఆవిడకే. తెర వెనుక ఉన్నవాడి కాంట్రాక్టులు రిజిస్టరుకెక్కితే ముందుగా బయటపడేది ఆమే.

మేం అడిగేవి మూడు. ఒకటి, సర్పంచ్ నుంచి జెడ్పీ చైర్మన్ దాకా ప్రతి ఒక్కరూ ఏటా జనవరిలో ఆస్తుల పట్టిక నోటీసు బోర్డుకు అంటించాలి. రెండు, కుటుంబ సభ్యుల కాంట్రాక్టులన్నీ అందులో రాయాలి. మూడు, తన వాళ్ల పని చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు లేచి బయటికి వెళ్లాలి, ఆ మాట మినిట్స్‌లో ఎక్కాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకోనక్కర్లేదు. రెండు ఉమ్మడి జిల్లాల్లో కలిపి 72 మండలాలు, మండలానికొక జెడ్పీటీసీ. 2005 నాటి సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. విద్యార్థులారా, మీ సభ్యుడు నామినేషన్‌తో ఇచ్చిన ప్రకటన కాపీ అడగండి. మీ ఊరి పనులు ఎవరి పేరున ఇచ్చారో అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి.

వెనుకబడ్డామని నిధుల్లో వాటా అడిగే వాళ్లం మనం. వాటా అడిగే నోటితోనే లెక్క కూడా అడగాలి. కూలీ మస్టరు చదివిన ఊరు సర్పంచ్ ఆస్తులు చదవలేదా?