పాలారు డెమరేజీ ఎవరు కట్టాలి?



"టానరీల మాట ఎత్తితే మనవాళ్ల కూడు పోతుంది, ఈ గ్రూపులో ఆ గొడవ వద్దు" అని కొందరు పెద్దలు అంటున్నారు. మేము ఒప్పుకోము. లాభం ఎవరిది, ఖర్చు ఎవరిది అని లెక్క చూసే మాట్లాడుదాం.

మేము రైల్వేలో పని చేసినవాళ్లం. గడువులోగా సరుకు దించకపోతే వ్యాగనుకు ఇంత, గంటకు ఇంత అని డెమరేజీ పడుతుంది. ఆ డెమరేజీ గోడౌను అద్దె కంటే తక్కువైతే వ్యాపారి సరుకు దించుతాడా? వ్యాగన్నే గోడౌను చేసుకుంటాడు. పిగూ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త 1920లో చెప్పినదీ ఇదే. ఒకడి వ్యాపారం వల్ల ఇంకొకడికి నష్టం వస్తే, ఆ నష్టమంత పన్ను వ్యాపారి మీదే వెయ్యాలి.

వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట టానరీల నుంచి ఉప్పు, క్రోమియం కలిసిన నీళ్లు పాలారులోకి, పొలాల్లోకి, బావుల్లోకి దిగాయి. తోలు ధరలో పాడైన బావి ధర చేరలేదు. అమ్మినవాడు కట్టలేదు, కొన్నవాడు కట్టలేదు. బిందె లెక్కన నీళ్లు కొనుక్కునే కూలి మనిషి కడుతున్నది.

1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు "పాడు చేసినవాడే కట్టాలి" అన్నది. టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసి, నష్టం లెక్కకట్టే అథారిటీని పెట్టమన్నది. 2025 జనవరి 30న అదే కోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది: ప్రభుత్వం బాధితులకు బాకీ పరిహారం ఇచ్చి టానరీల దగ్గర వసూలు చెయ్యాలి, పాడైనది బాగయ్యేదాకా వాళ్ల బాధ్యత తీరదు. మధ్యలో 28 ఏళ్లు పోయాయి. వ్యాగనుకు గంట లెక్క, బావికి ఏళ్ల లెక్కా?

"ఫ్యాక్టరీ మూస్తే నష్టం పేదవాడికే కదా" అంటారు. మూయమని ఎవరు అడిగారు? నీళ్లు శుద్ధి చేసే ఖర్చు కంటే జరిమానా ఎక్కువగా ఉంటే యజమాని శుద్ధే చేస్తాడు. తక్కువైతే అది జరిమానా కాదు, పాడు చెయ్యడానికి లైసెన్సు ఫీజు.

ఇంకొకటి. పరిహారం పట్టాదారు దగ్గరే ఆగిపోకూడదు. కౌలుకు చేసి పంట పోగొట్టుకున్నవాడికి, పొలం పని పోయిన కూలికి ఏ కాగితం ఉంది?

కాబట్టి వచ్చే కమిటీ మీటింగులో తీర్మానం కావాలి. పాలారు వెంబడి ఉన్న మన శాఖలు ఊరూరా పాడైన బావుల లిస్టు తియ్యాలి. పట్టా ఉన్నవాళ్ల పేర్లు, లేనివాళ్ల పేర్లు రెండూ రాయాలి. కులం, భాష చూడవద్దు. బావి అందరిదీ. కలెక్టరుకు అర్జీ తమిళంలో మేమే రాసిస్తాము. సంతకాలు మీరు పెట్టండి.