టైమ్‌టేబుల్ రాసే చేతికి తీరిక కావాలి

గుజరాత్‌లో జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ పేద పిల్లల కోసం బడులు నడుపుతుంది. అక్కడ కంప్యూటర్ సాయంతో లెక్కలు నేర్పే కార్యక్రమాన్ని ఆర్థికవేత్త లీ లిండెన్ పరిశీలించి, 2008లో ఫలితాలు వెల్లడించారు. ఆ కార్యక్రమాన్ని రెండు రకాలుగా నడిపారు. కొందరు పిల్లలను బడివేళల్లోనే, మామూలు తరగతిలోంచి లేపి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. మరికొందరు బడికి ముందో, బడి వదిలాకో అదనంగా వచ్చి కూర్చున్నారు. అదనంగా వచ్చినవాళ్లకు మేలు జరిగింది, అందులోనూ చదువులో వెనకబడ్డవాళ్లకు ఎక్కువగా. తరగతి పోగొట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం అసలు కంప్యూటరే ముట్టని పిల్లల కన్నా వెనకబడ్డారు.

యంత్రం అదే, అందులోని లెక్కలూ అవే. మారింది వేళ ఒక్కటే. ఏ పీరియడ్ తీసి ఏ పీరియడ్ పెట్టాలి, ఎవరిని ఎప్పుడు ల్యాబ్‌కు పంపాలి అనే నిర్ణయం సచివాలయంలో జరిగేది కాదు. హెడ్మాస్టర్ గదిలో, టైమ్‌టేబుల్ గీసే కాగితం మీద జరుగుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చదువు, సాంకేతికత గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ గదిలోకి తొంగిచూసేవాళ్లు దాదాపు లేరు. ఎన్ని ట్యాబ్‌లు ఇచ్చారు, ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు, ఎంత ఖర్చయింది అన్న దగ్గరే మాట ఆగిపోతుంది.

ఇలా ఆగిపోవడం కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో దాదాపు 5000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబ్‌లు వచ్చాయి. ప్రైవేటు సంస్థలు కంప్యూటర్లు తెచ్చి, తక్కువ జీతాలకు బోధకులను పెట్టి ఐదేళ్లు నడిపి, ఆనక బడికి అప్పగించి వెళ్లాలన్నది ఒప్పందం. 2013లో గడువు ముగిసింది. బోధకులు వెళ్లిపోయారు, కంప్యూటర్లు మిగిలాయి, చాలాచోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. ఆ ఐదేళ్లలో కంప్యూటర్ పీరియడ్ బడి చదువులో కలవలేదు. అది బయటివాళ్ల పీరియడ్‌గానే ఉండిపోయింది. లెక్కల టీచరుకు గానీ సైన్సు టీచరుకు గానీ ఆ గదితో పని పడలేదు. పని పడేలా చేయమని హెచ్‌ఎంను అడిగినవాళ్లూ లేరు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. అందులో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్‌ల పంపిణీని రాజకీయంగా పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ కావలసినంత మంది ఉన్నారు. ఆ జోలికి నేను వెళ్లను. నాకు తోచే ప్రశ్న ఒక్కటే. ఆ ట్యాబ్‌లో ఏ పాఠం ఏ రోజు చూడాలి, చూశాక తరగతిలో టీచరు ఏం చేయాలి అని కూర్చుని మాట్లాడుకున్న స్టాఫ్ మీటింగులు ఎన్ని జరిగాయి? అవి జరిగిన బడిలో కంపెనీ పోయినా అలవాటు మిగులుతుంది. జరగని బడిలో కంపెనీ నిక్షేపంగా ఉన్నా మిగిలేదేమీ లేదు.

ఆ మీటింగు పెట్టాల్సిన మనిషి ఆ పూట ఏం చేస్తున్నారో కూడా చూడాలి. టీచర్ల హాజరు, పిల్లల హాజరు, మధ్యాహ్న భోజనం తిన్నవాళ్ల లెక్క, మిగిలిన గుడ్ల లెక్క, యూడైస్ వివరాలు, కిట్ల పంపిణీకి తల్లుల వేలిముద్రలు. మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కూడా కొన్నాళ్లు టీచర్ల నెత్తిన పడింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో సొంత ఫోన్లలోనే ముఖ గుర్తింపు హాజరు యాప్ వేసుకోమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. ఆ గొడవ హాజరు గురించి మాత్రమే అనుకుంటే పొరపాటు. మన బడుల్లో సాంకేతికత పిల్లవాడి పలక మీదికి రాకముందే హెచ్‌ఎం మీద నిఘాగా, పైవాళ్లకు లెక్కలు పంపే పనిగా వచ్చింది. ఫోన్ మోగితే పాఠం గుర్తుకొచ్చే స్థితి ఏ ప్రధానోపాధ్యాయుడికీ లేదు. ఇంకా పంపని నివేదికే గుర్తుకొస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ రకరకాల యాప్‌లను కలిపి లీప్ పేరిట ఒక్కటి చేసింది. అది మంచి పనే. అయితే యాప్‌లు తగ్గినంత మాత్రాన అడిగే వివరాలు తగ్గవు.

ఇన్‌చార్జి హెచ్‌ఎంల సంగతి ఇంకా కష్టం. పదోన్నతులు ఏళ్ల తరబడి ఆగినప్పుడల్లా సీనియర్ స్కూల్ అసిస్టెంటుకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తారు. ఆయన పీరియడ్లు ఆయనకు అలాగే ఉంటాయి. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న తోటి టీచరు తరగతికి వెళ్లి ‘పాఠం ఇలా కాదు మాస్టారూ’ అనే చొరవ ఆయనకు ఉండదు, ఉంటుందని ఆశించడమూ న్యాయం కాదు. మరోపక్క ఉన్న హెచ్‌ఎంనే మండలానికి ఇన్‌చార్జి ఎంఈఓగా వేస్తే ఆయన తన బడిలో కనిపించే రోజులే తక్కువ.

పరికరాలు బీరువాల్లో ఎందుకు ఉండిపోతాయో అర్థం కావాలంటే స్టాక్ రిజిస్టర్ చూడాలి. బడికి వచ్చిన ప్రతి వస్తువూ అందులో ఎక్కుతుంది. బదిలీ అయితే చార్జి లిస్టు ప్రకారం లెక్క అప్పగించాలి. పదవీ విరమణ దగ్గరపడ్డ మనిషికి ఒక ట్యాబ్ పగిలినా, ఒక ప్రొజెక్టర్ పోయినా ఆ లెక్క పింఛను కాగితాల దాకా వెంటాడుతుందన్న భయం ఉంటుంది. వస్తువు వాడి పాడైతే సంజాయిషీ ఇవ్వాలి. వాడకుండా పాతబడితే అడిగేవాళ్లు ఉండరు. ఇలాంటి నిబంధన కింద తాళం వేసుకున్న మనిషిని చేతకానివాడనడం నాకు నచ్చదు. పిల్లల చేతిలో వాడకం వల్ల జరిగే నష్టానికి హెచ్‌ఎం బాధ్యుడు కాడని ఒక్క ఉత్తర్వు స్పష్టంగా చెబితే చాలా బీరువాలు తెరుచుకుంటాయి.

దాంతోపాటు మరమ్మతు డబ్బు. సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి 50,000 రూపాయలు, 31 నుంచి 100 మంది ఉంటే 25,000. చాక్‌పీసుల నుంచి చిన్నచిన్న రిపేర్ల దాకా అన్నీ అందులోనే. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆరో తరగతి మొదలు పై తరగతుల గదుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ప్రాథమిక బడుల్లో స్మార్ట్ టీవీలు పెట్టారు. వారంటీ తీరాక ఒక ప్యానెల్ బోర్డు కాలిపోతే ఆ గ్రాంటులోంచి బాగు చేయించడం ఏ హెచ్‌ఎం వల్ల అవుతుంది?

ఇక అసలు పని గురించి. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కార్యక్రమం మీద కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. అందులో పిల్లల స్థాయి గురించి ఉన్న వివరం ప్రతి హెచ్‌ఎం గదిలో గోడకు రాసిపెట్టుకోదగ్గది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. అంటే పాఠ్యపుస్తకం తొమ్మిదో తరగతిది, పిల్లవాడు ఉన్నది ఐదు దరిదాపుల్లో. ఒక్కో పిల్లవాడు ఉన్న చోటునుంచే మొదలుపెట్టే ఆ సాఫ్ట్‌వేర్, దాని పక్కనే చిన్న గుంపుకు టీచరు సాయం, ఈ రెండూ కలిసి నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగు చూపించాయి.

మన ప్యానెళ్ల మీద ఎక్కువగా జరుగుతున్నది దీనికి పూర్తిగా వేరు. తొమ్మిదో తరగతి పాఠాన్నే పెద్ద తెర మీద అందరికీ ఒకే వేగంతో చూపిస్తే, ఐదో తరగతి స్థాయి పిల్లవాడికి ఒరిగేదేముంది? నల్లబల్ల మీద అర్థం కానిది రంగుల్లో అర్థం కాకుండా పోతుంది, అంతే. ఈ తేడాను పట్టుకోవలసింది హెచ్‌ఎం. దానికి కోడింగ్ తెలియనక్కర్లేదు. తరగతి వెనక బెంచీలో పది నిమిషాలు కూర్చోవాలి. వీడియో మొదలుపెట్టిన టీచరు మధ్యలో ఆపి ప్రశ్న అడుగుతున్నారా, పీరియడ్ అంతా దానికే వదిలేశారా అన్నది ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నెలకోసారి ట్యాబ్‌లోని అభ్యాసాల ఫలితాలు ముందేసుకుని, భిన్నాల దగ్గర ఆగిపోయిన పిల్లలు ఎవరో పేర్లతో సహా లెక్కల టీచరుతో మాట్లాడాలి. డీఎస్సీలో కొత్తగా వచ్చిన కుర్ర టీచరుకు తెర మీద చెయ్యి తిరిగి ఉంటుంది, పాతికేళ్ల అనుభవమున్న మాస్టారికి పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుసు. వాళ్లిద్దరికీ ఒకే లీజర్ పీరియడ్ పడేలా టైమ్‌టేబుల్ రాయడం కూడా నాయకత్వమే. ఫలానా పాఠానికి తెర వద్దని చెప్పగలగడమూ అంతే. ఒకటో తరగతిలో కథ టీచరు నోటే వినాలి, లిట్మస్ కాగితం రంగు మారడం పిల్లల చేతుల్లోనే జరగాలి. ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందన్నదాన్ని బట్టి బడికి మార్కులేస్తే ఈ విచక్షణ చచ్చిపోతుంది. ఖాళీ గదిలోనైనా ప్యానెల్ వెలుగుతూనే ఉంటుంది.

చాలామంది హెచ్‌ఎంలు యాభై దాటాక ఆ కుర్చీలోకి వస్తారు, వాళ్లకు సాంకేతికత అబ్బదు అనేవాళ్లు ఉన్నారు. కేరళ ఈ చిక్కును విప్పుకుంది. 2001 ప్రాంతంలో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం తరువాత కైట్ సంస్థగా మారింది. అక్కడ ఉన్నత పాఠశాలలో ఒక టీచరుకు ఐటీ సమన్వయ బాధ్యత ఉంటుంది. 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరిట పిల్లల క్లబ్బులు నడుస్తున్నాయి. వైర్లు, సాఫ్ట్‌వేర్ సంగతి వాళ్లు చూసుకుంటే, ప్రధానోపాధ్యాయుడు చదువు సంగతి చూడొచ్చు. మన దగ్గర ఆ రెండూ ఒకే మనిషి మీద పెట్టాం.

యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక 2023లో సాంకేతికతను ఎవరి షరతుల మీద వాడుతున్నామని అడిగింది. ఆ మరుసటి నివేదిక విద్యలో నాయకత్వం గురించే. సంపన్న దేశాల్లో సైతం దాదాపు సగం మంది ప్రధానోపాధ్యాయులకు నియామకానికి ముందు శిక్షణ లేదని అది తేల్చింది. మన దగ్గర జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం 2012 నుంచీ ఉంది. అయినా హెచ్‌ఎంలకు ఇచ్చే డిజిటల్ శిక్షణలో ఎక్కువ భాగం ఏ బటన్ ఎక్కడుందో చూపించడంతోనే గడిచిపోతోంది. తరగతి గమనించడం, టీచరును నొప్పించకుండా తప్పు చెప్పడం, ఫలితాల పట్టిక చదవడం నేర్పేది తక్కువ.

తెలంగాణ 2025లో కొన్ని జిల్లాల ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధ సాయంతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలుపెట్టింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను జట్లుగా కంప్యూటర్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఎవరు తీసుకెళ్తారు, ఆ వేళకు మిగతా తరగతిని ఎవరు చూస్తారు, ల్యాబ్ పక్క ఉన్నత పాఠశాలదైతే ఇద్దరు హెచ్‌ఎంల మధ్య ఒప్పందం ఎలా కుదురుతుంది? ఇద్దరే టీచర్లున్న బడిలో ఇవి చిన్న ప్రశ్నలు కావు. గుజరాత్ పిల్లలకు జరిగిన నష్టం ఇక్కడ జరగకుండా చూసేది ఆ సర్దుబాటే.

కాబట్టి వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోపు రెండు ప్రభుత్వాలూ కొత్త పరికరాల టెండర్ కన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఖాళీగా ఉన్న హెచ్‌ఎం పోస్టులను పూర్తికాలపు మనుషులతో నింపాలి. వివరాల నమోదుకు పాఠశాల సముదాయానికి ఒక ఉద్యోగిని ఇచ్చి, బడి నడిచే వేళల్లో హెచ్‌ఎంను ఏ వివరమూ అడగకూడదని విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. పరికరాల మరమ్మతుకు వేరే నిధి పెట్టి, దాన్ని ఖర్చు చేసే అధికారం బడికే వదలాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చును ఒక్క విడత ట్యాబ్‌ల కొనుగోలు బిల్లు పక్కన పెట్టి చూడమని ఆర్థిక శాఖను కోరుతున్నాను.