రాతి అక్షరానికి కాగితమే రక్ష

నరసరావుపేట బజారులోనో, మాచర్ల బస్టాండు దగ్గరో ఫొటో స్టూడియో ముందు ఒక్కసారి ఆగి చూడండి. తెల్లని మగ్గు మీద పసిపాప ఫొటో, టీ షర్టు మీద క్రికెట్ ఆటగాడి బొమ్మ అక్కడికక్కడే వేసి ఇస్తుంటారు. ఆ బొమ్మ ముందుగా కాగితం మీద అచ్చవుతుంది. ఆ కాగితాన్ని మగ్గుకు చుట్టి, యంత్రంలో పెట్టి, సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడి ఇస్తారు. అప్పుడు ఆ రంగు, కర్పూరం లాగే, ద్రవంగా మారకుండానే ఆవిరవుతుంది. మీ పాఠంలో ఉత్పతనం అని చదువుకున్నది ఇదే. ఆవిరైన రంగు మగ్గు మీది పాలిస్టరు పూతలోకి దూరి, చల్లారగానే అక్కడే స్థిరపడిపోతుంది. మన పల్నాటి చేలలో పండే పత్తితో నేసిన అచ్చమైన నూలు బట్టకు మాత్రం ఈ రంగు సరిగా పట్టదు. దానికి పాలిస్టరు ఉండాలి.

ఇలా బొమ్మను మోసుకొచ్చి, దించి, తాను తప్పుకొనే కాగితాన్ని ట్రాన్స్‌ఫర్ కాగితం అంటారు. అంటించకముందు దాన్ని అడిగి తీసుకుని చూడండి. అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. బొమ్మ ఉన్న ముఖాన్నే వస్తువుకు ఆనించాలి కనుక, తిరగేసి అచ్చు వేస్తేనే వస్తువు మీద సూటిగా పడుతుంది. బబుల్‌గమ్ పొట్లంలో వచ్చే బొమ్మను తడిపి చేతికి అంటించుకుంటారే, అదీ ఇంతే. ఈ విద్య కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో జాన్ శాడ్లర్, గై గ్రీన్ అనే ఇద్దరు, ఆరు గంటల్లో 1200కు పైగా మట్టి పలకల మీద బొమ్మలు అచ్చు వేశామని 1756లోనే ప్రమాణపత్రం రాసి ఇచ్చారు. చేత్తో బొమ్మలు వేసి బతికేవారు ఆ మాట విని ఏమనుకున్నారో!

ఇప్పుడు ఇదే పనిని తిరగేయండి. కాగితం మీది బొమ్మను వస్తువు మీదికి దించడం కాక, వస్తువు మీది అక్షరాన్ని కాగితం మీదికి ఎక్కించడం. పల్నాడు చరిత్రకు ఇది చేసిన మేలు ఇంతా అంతా కాదు. మన హైస్కూళ్ళలో దీన్ని నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

శాసనాలు చదివేవారు చేసే పని చెబుతాను. ముందు రాతిని నీటితో, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేస్తారు. నీరు బాగా పీల్చే పలుచని కాగితాన్ని తడిపి దాని మీద పరుస్తారు. బ్రష్షుతో నెమ్మదిగా తట్టుతూ పోతే కాగితం ప్రతి గాడిలోకీ దిగుతుంది. కాస్త ఆరిన తరువాత, దూది మీద గుడ్డ చుట్టిన మెత్తకు సిరా అద్ది, పైపైన తడతారు. రాతి ముఖం ఎత్తుగా ఉన్నచోట నలుపు పడుతుంది. లోతుగా ఉన్న అక్షరానికి సిరా అందదు కనుక అది తెల్లగా మిగిలిపోతుంది. పూర్తిగా ఆరాక కాగితాన్ని ఒలిస్తే నల్లపలక మీద సుద్దముక్కతో రాసినట్టు శాసనమంతా అసలు కొలతలోనే చేతికి వస్తుంది. దీనికి ఎస్టాంపేజి అని పేరు.

కాగితం రాతి గాడిలోకి ఎలా దిగగలిగింది? కాగితమంటే సెల్యులోజు పోగుల అల్లిక. ఆ పోగులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటాయి. తడి తగిలితే నీటి అణువులు మధ్యలో చేరి ఆ పట్టును సడలిస్తాయి. పోగులు కొద్దిగా జరిగి, సాగి, రాతి ఆకారానికి ఒదుగుతాయి. నీరు ఆరిపోగానే మళ్ళీ పట్టుకుంటాయి, అయితే ఈసారి కొత్త ఆకారంలో. మీ నోటుపుస్తకం కాగితంతో ఇది కుదరదు. సిరా పాకకుండా దానికి పూసిన పూత నీటిని త్వరగా లోపలికి రానివ్వదు.

ఇక్కడ అక్షరాలు తిరగబడవు, గమనించారా? మగ్గు విషయంలో రంగున్న ముఖమే వస్తువును తాకింది. ఇక్కడ రాతిని తాకేది కాగితం వీపు, సిరా పడేది మనవైపు. అందుకే సూటిగా చదవగలం. రాతికే సిరా పూసి కాగితం అద్దితే అక్షరాలు తిరగబడేవి. పైగా రాయి పాడయ్యేది.

ఇంత చిన్న పని వల్ల ఏం ఒరిగిందంటారా? 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు నాగార్జునకొండ లోయలో ఒక ప్రాచీన స్తంభాన్ని చూశారు. ఊరుకోలేదు. మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసన శాఖలో తెలుగు సహాయకులైన రంగస్వామి సరస్వతి వచ్చి పరిశీలించారు. ఆ తరువాతి ఏళ్ళలో లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించారు. బయటపడిన ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనాలను చదివి, ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినది ఫోగెల్ అనే డచ్చి పండితుడు. ఆయన ఉన్నది హాలండులోని లైడెన్‌లో, రాళ్ళున్నది కృష్ణ ఒడ్డున. ఆ రాళ్ళను ఓడెక్కించి పంపలేదు. అంత దూరం ప్రయాణం చేసినది కాగితమే. వీరపురుషదత్తుని పేరు, ఆరామాలకు దానాలిచ్చిన రాణివాసపు స్త్రీల పేర్లు ప్రపంచానికి అలా తెలిశాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, తరువాత ఆ లోయ నీట మునిగింది. శిల్పాలను, శాసనాలను దీవి మీది మ్యూజియానికి చేర్చారు గాని, అవి పుట్టిన చోటు ఇక కనబడదు. గురజాలలో దొరికిన బ్రాహ్మీ శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని కాలానిదని, మంచికల్లు శాసనం పల్లవ సింహవర్మదని పండితులు నిర్ణయించారు. పుస్తకాల్లో వాటి అచ్చులు మైసూరులో ఉన్నవారైనా, పారిస్‌లో ఉన్నవారైనా చూడవచ్చు.

రాయి శాశ్వతం, కాగితం చిరిగిపోయేది అని మనం అనుకుంటాం. పల్నాడులో అది ఎప్పుడూ నిజం కాదు. ఇక్కడి రాయి సున్నపురాయి, అంటే కాల్షియం కార్బొనేటు. వాన నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు దాన్ని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తినేస్తుంది. అది చాలదన్నట్టు మనుషులూ తోడయ్యారు. అమరావతి స్తూపపు చలువరాళ్ళలో ఎన్నో బట్టీలో కాలి సున్నమైపోయాయి. కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వచ్చి తన చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు ఈనాడు ఆ కాగితాల మీద తప్ప మరెక్కడా లేవు. ఆ కాగితాలు లండనులో భద్రంగా ఉన్నాయి. ఏది శాశ్వతమైందో మీరే చెప్పండి.

కొన్ని ఊళ్ళలో పండుగ వస్తే గుడి గోడకు సున్నం కొడతారు. శాసనం గాడులు పూడిపోతాయి. ఆ సున్నం ఎక్కడిది? అదే సున్నపురాయిని కాల్చి తీసినది! ఈ మధ్య ఆయిల్ పెయింటు వచ్చింది. అది ఇంకా మొండిది. ఇసుకను గాలితో చిమ్మి పాత స్తంభాలను 'శుభ్రం' చేసే యంత్రమూ వచ్చింది. కొత్త శిలాఫలకాలు చెక్కడానికి వాడేది కూడా ఈ యంత్రాన్నే. కంప్యూటరుతో కోసిన అక్షరాల స్టిక్కరును రాతికి దించి, మీద ఇసుక చిమ్ముతారు. ప్రారంభోత్సవం చేసిన పెద్దల పేర్లు రాసే యంత్రమే ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి అక్షరాన్ని అరగదీస్తోంది. దీన్ని భక్తి అని సరిపెట్టుకోలేను.

ఫోనుతో ఫొటో తీస్తే సరిపోదా, ఈ తడి కాగితాల గొడవ ఎందుకని మీలో కొందరు అడుగుతారు. ఫొటో తీయండి, తప్పకుండా తీయండి. మధ్యాహ్నపు ఎండలో ఎదురుగా నిలబడి కాదు. సాయంత్రం, ఒకరు టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తుంటే ఇంకొకరు తీయాలి. ప్రతి గాడిలోనూ నీడ పడి, పగలు కనబడని అక్షరం లేస్తుంది. వెలుతురు వల్ల రాతికి ఏ హానీ లేదు. కేంద్ర ప్రభుత్వం కూడా 2023 బడ్జెట్‌లో లక్ష శాసనాలను డిజిటల్ చేసి, హైదరాబాదులో అందుకు ఒక మ్యూజియం పెడతామని ప్రకటించింది. అయినా నేను కాగితాన్ని వదలమనను. తడి కాగితాన్ని గాడిలోకి తట్టిన చేతికి అక్షరం లోతు తెలుస్తుంది. ఎక్కడ ఉలి జారిందో, ఎక్కడ అక్షరం ముగిసి రాతి పగులు మొదలైందో తెలుస్తుంది. ఒక్కసారి అది తెలిసినవాడు ఆ రాతికి సున్నం కొడుతుంటే చూస్తూ ఊరుకోడు. బడిలో నేర్పమనడం అందుకే.

అయితే నేర్చుకోవడానికి పాత శాసనం జోలికి పోవద్దు. ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాల మీద అనుమతి లేకుండా ఇలాంటి పని చేయకూడదు, 1958 నాటి చట్టం ఉంది. రక్షణ లేని రాతి మీద కూడా సిరా వద్దు. పలుచని కాగితం నుంచి అది కారితే రాయి పీల్చేస్తుంది, మళ్ళీ పోదు. ముందు రూపాయి బిళ్ళ మీద కాగితం వేసి పెన్సిలు రుద్దండి. తరువాత ఇంట్లో పాత తిరగలి మీద, గంట్లు కొట్టిన రుబ్బురోలు మీద తడి కాగితం వేసి తట్టి చూడండి. వడపోత కాగితం మీ సైన్సు లాబులో ఉంటుంది, అది బాగా పనికివస్తుంది. సిరా లేకుండా ఆరబెట్టినా చాలు, గాడులు కాగితానికి ఉబ్బెత్తుగా వస్తాయి. ముడత పడిందంటే మధ్య నుంచి అంచులకు కాక, అంచుల నుంచి మధ్యకు తట్టారన్నమాట.

ఊళ్ళో అక్షరాలున్న రాయి కనబడితే మాత్రం పక్క వెలుతురులో తీసిన ఫొటోను, పొడవు వెడల్పుల కొలతను, రాయి ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందన్న వివరాన్ని మీ సోషల్ మాస్టారికి ఇవ్వండి. పురావస్తు శాఖకు ఉత్తరం ఆయన రాస్తారు. మీరు తీసిన ప్రతి అచ్చు అంచున ఊరి పేరు, తేదీ రాసి పెట్టండి. పెన్సిలుతోనే రాయండి, పెన్ను సిరా తడి తగిలితే పాకిపోతుంది.