సైడ్ ఇవ్వలేదని కోపమా?

శనివారం సాయంత్రం ఆఫీసు ముగించుకుని కుటుంబమంతా శ్రీశైలం బయల్దేరాం. నేనూ మా ఆవిడా ముందు, అమ్మా పాపా వెనక. హైదరాబాద్ దాటేసరికే పొద్దుపోయింది. ఆ దారిన వెళ్లినవాళ్లందరికీ తెలిసిన సంగతే... మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు రాత్రి 9 గంటలకు మూసేస్తారు. అవతలంతా పులులు తిరిగే అడవి. మళ్లీ గేటు లేచేది పొద్దున 6 గంటలకే. అందుకే రాత్రి ఏడు దాటిన దగ్గర్నుంచీ ఆ రోడ్డు మీద డ్రైవర్ల కళ్లకు రెండే పనులు. ఒకటి రోడ్డు చూడ్డం, రెండోది గడియారం చూడ్డం.

డిండి దాటాక మా ముందు ఓ తెల్ల కారు తగిలింది. నలభైకి మించి కదలడం లేదు. హారన్ కొట్టాను. డిప్పర్ కొట్టాను. ఊహూఁ, సైడ్ ఇవ్వడే! ‘రోడ్డంతా తాతగారి ఆస్తి అనుకుంటున్నాడు’ అని విసుక్కుని, కుడికి తీసి యాక్సిలరేటర్ తొక్కాను. సగం దాటానో లేదో, చిన్న మలుపులోంచి ఎదురుగా మోటార్ సైకిల్! మినుకుమినుకుమనే దీపం వెనక ఓ మనిషి, ఆయన వెనక భార్య, ఇద్దరి మధ్యా పిల్లాడు. పాపం, ఆయనే రోడ్డు దిగి కంకర మీదికి పోయాడు. బండి అటూ ఇటూ ఊగింది. పడలేదు. వెనక సీట్లోంచి అమ్మ ‘శివ శివా’ అంది. ఆ తర్వాత కారులో ఎవరూ మాట్లాడలేదు.

మన్ననూరు చేరేసరికి 8.40. గేటు తెరిచే ఉంది. టీ గ్లాసు అందుకున్నానో లేదో, ఆ తెల్ల కారూ వచ్చి ఆగింది. దిగినాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. తిడతారనుకున్నా. తిట్టలేదు.

‘‘బాబూ, నీ హారన్ వినపడక కాదు. ఎదురుగా బండి వస్తోంది. నా వెనకున్నావు కాబట్టి నీకు కనపడదు. నాకు కనపడింది. అందుకే సైడ్ ఇవ్వలేదు’’ అన్నారు.

‘‘తప్పయిపోయింది సార్’’ అనడం తప్ప నాకింకో మాట రాలేదు.

ఈ వారం మనం మాట్లాడుకోవాల్సింది ఆ పెద్దాయన మాట గురించే. ముందున్న బండి మన దారికి అడ్డమని అనుకుంటాం. నిజానికి మనకు కనపడనిదాన్ని చూస్తున్న కళ్లు చాలాసార్లు ఆ బండివే.

మరిచిపోయిన విద్య

మధ్యలో డివైడర్ లేకుండా, పోవడానికో వరుస, రావడానికో వరుస ఉన్నదాన్ని మనవాళ్లు సింగిల్ రోడ్డంటారు. ఒకప్పుడు ఏ ఊరికెళ్లాలన్నా అదే దిక్కు. హైదరాబాద్-విజయవాడ రహదారి కూడా 2012 ప్రాంతంలో నాలుగు వరుసలు అయ్యేదాకా చాలామేర అలాంటిదే. ఆ రోజుల్లో స్టీరింగ్ పట్టినవాళ్లకు ఓవర్‌టేక్ చేయడమంటే ఓ విద్య. ఎప్పుడు దాటాలో కంటే ఎప్పుడు దాటకూడదో ముందు నేర్చుకునేవారు.

ఇప్పుడు కారు కొనుక్కున్న మనలో చాలామంది చేయి తిరిగింది నాలుగు వరుసల హైవేల మీద, ఔటర్ రింగ్ రోడ్డు మీద. అక్కడ ముందు బండిని దాటడమంటే పక్క వరుసలోకి వెళ్లడం. సింగిల్ రోడ్డు మీద దాటడమంటే ఎదుటివాళ్ల దారిలోకి వెళ్లడం. మొదటిది మన హక్కు. రెండోది కాసేపటి అప్పు. ఈ తేడా తెలియకపోతేనే ముప్పు.

పది సెకన్ల లెక్క

కాస్త లెక్క వేసుకుందాం. ముందు ఓ లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మీరు 60తో దాటాలనుకున్నారు. లారీకి 20 మీటర్ల వెనక మొదలుపెట్టి, దాని పొడవు దాటి, ముందు మరో 20 మీటర్లు జాగా వదిలి ఎడమకు రావాలి. దీనికి దాదాపు 10 సెకన్లు పడుతుంది. ఆ 10 సెకన్లలో మీ కారు సుమారు 165 మీటర్లు పోతుంది. ఎదురుగా బస్సు కూడా 60తోనే వస్తుంటే అదీ మరో 165 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మీరు కుడికి తీసే క్షణానికి ముందు కనీసం 330 మీటర్ల రోడ్డు ఖాళీగా కనపడాలి. అదీ మీరూ బస్సూ ముఖాముఖి తగలకుండా ఉండటానికి మాత్రమే!

రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా సుమారు ఇదే చెబుతుంది. 60 కి.మీ. వేగానికి డిజైన్ చేసిన రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయాలంటే 300 మీటర్లు, 80 కి.మీ. అయితే 470 మీటర్లు ముందుకు కనపడాలని దాని ప్రమాణం. 470 మీటర్లంటే అర కిలోమీటరుకు కాస్త తక్కువ. మనం చూసుకునేది అంత దూరమేనా?

ఇప్పుడు రెండో లెక్క. దాటకుండా అదే లారీ వెనక 5 కిలోమీటర్లు వెళ్లారనుకోండి. ఏడున్నర నిమిషాలు పడుతుంది. 60తో వెళ్లి ఉంటే ఐదు నిమిషాలు. పోయింది రెండున్నర నిమిషాలు. ఆ రోజు నేను నా కుటుంబాన్నీ, ఆ మోటార్ సైకిల్ మీది కుటుంబాన్నీ పణంగా పెట్టి సంపాదించింది టీ గ్లాసు అందుకునేంత సమయం.

ఎక్కడ వద్దు?

మలుపుల్లో వద్దు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు వద్దు, అవతల ఏముందో ఆకాశానికి తప్ప ఎవరికీ తెలియదు. ఇరుకు వంతెనలు, కల్వర్టుల మీద వద్దు. బడుల దగ్గర, పాదచారులు దాటే చోట వద్దు. ఊరు మొదలవుతున్న చోటా, పక్కనుంచి మట్టిరోడ్డు కలిసే చోటా వద్దు. ముందున్న ట్రాక్టరు ఏ క్షణంలోనైనా తన పొలం దారిలోకి కుడికి తిరిగిపోవచ్చు.

రోడ్డు మధ్యలో గీతను చూడండి. ముక్కలు ముక్కలుగా ఉంటే, ఖాళీ చూసుకుని దాటొచ్చు. తెగకుండా సాగితే ఆ గీత దాటకూడదు. రెండు గీతలుండి మీ వైపుది ముక్కలుగా ఉంటే మీకు అనుమతి ఉన్నట్టు, తెగనిదైతే లేనట్టు. రంగు వెలిసిపోయి గీతే కనపడకపోతే? అనుమతి లేదనే అనుకోండి, నష్టమేం లేదు.

ఇక రాత్రిపూట. ఎదురుగా వచ్చే దీపాన్ని చూసి దూరాన్నీ వేగాన్నీ అంచనా వేయడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా కష్టమే. ఒక్క దీపం కనపడితే అది మోటార్ సైకిలే కానక్కర్లేదు. ఒక లైటు పోయిన లారీ కావచ్చు. ముందు వెళుతున్న ట్రాక్టరు ట్రాలీకి అసలు వెనక లైటే ఉండకపోవచ్చు. పగలు ఆలోచించి దాటే చోట రాత్రి ఆలోచన కూడా మానేయడం మేలు.

దాటేటప్పుడు...

ముందు బండికి అంటుకుపోకండి. ఎంత దగ్గరికి పోతే అంత తక్కువ కనపడుతుంది. వెనక్కి తగ్గితే లారీకి అటూ ఇటూ కూడా రోడ్డు కనపడుతుంది. కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి. ముందు బండి ఓ కరెంటు స్తంభం దాటాక మీరు అదే స్తంభం చేరడానికి మూడు అంకెలు నిదానంగా లెక్కపెట్టే వ్యవధి ఉండాలి.

అద్దాల్లో చూసుకోండి. మీ వెనకున్నవాళ్లు అప్పటికే మిమ్మల్ని దాటుతూ ఉండొచ్చు. కుడి ఇండికేటర్ వేయండి. ఒక్కసారి హారన్ చాలు. అది ‘వస్తున్నాను’ అని చెప్పడానికి, ‘తప్పుకో’ అని అదిలించడానికి కాదు. పెద్ద గేరులో ఈడ్చుకుంటూ వెళ్లకుండా ఒక గేరు దించితే బండికి ఊపొస్తుంది. దాటాక వెంటనే కట్ కొట్టకండి. లోపలి అద్దంలో ఆ బండి ముందు భాగం మొత్తం కనపడ్డాకే ఎడమకు రండి.

ముందు కారు దాటేసింది కదా అని దాని వెంటే దూరడం ఇంకో పొరపాటు. అతనికున్న ఖాళీ అతనితోనే అయిపోతుంది. సగంలో అనుమానం వచ్చిందా? మొండిగా తొక్కకండి. బ్రేకు వేసి, మళ్లీ లారీ వెనక్కే వచ్చేయండి. అందులో చిన్నతనమేం లేదు.

అన్నిటికన్నా ముఖ్యం... ఎదురుగా వచ్చేది బైకే కదా, సైకిలే కదా, వాళ్లే దిగుతారులే అనుకోకండి. బస్సు వస్తుంటే ఆగే మనం బైకు వస్తుంటే ఆగడం లేదంటే, అది తొందర కాదు, దౌర్జన్యం. తారు రోడ్డుకీ మార్జిన్‌కీ మధ్య జానెడు అంచు ఉండే చోట రెండు చక్రాల బండి కిందికి దిగడమంటే పడిపోవడంతో సమానం.

నిదానం మంచిదే, కానీ...

మెల్లగా వెళ్లేవాళ్లకూ మర్యాదలున్నాయి. నిదానంగా నడపడం మీ ఇష్టం. వెనక ఐదారు బండ్లు చేరినా పట్టించుకోకపోవడం మాత్రం మంచిది కాదు. ఆ వరుసలో ఎవరో ఒకరికి ఓపిక నశిస్తుంది. తెగించి దూరతాడు. మార్జిన్ వెడల్పుగా ఉన్న చోటో, పెట్రోలు బంకు దగ్గరో ఎడమకు తీసి ఓ నిమిషం ఆగితే వాళ్లంతా వెళ్లిపోతారు. మీ ప్రయాణమూ హాయిగా ఉంటుంది.

ఎవరైనా మిమ్మల్ని దాటుతుంటే పంతానికి వేగం పెంచొద్దు. నిబంధనల ప్రకారం కూడా అది తప్పే. దాటుతున్నవాడు చిక్కుల్లో పడ్డాడనిపిస్తే మీరే కాస్త వేగం తగ్గించండి, ముందు జాగా దొరుకుతుంది. ఎదురుగా వస్తున్నవాళ్లు కూడా ‘తప్పు వాడిది’ అని లైట్లు కొడుతూ మీదికి రాకుండా బ్రేకు మీద కాలేయాలి. తప్పెవరిదో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ముగ్గురూ మిగలాలి. ఓవర్‌టేక్ ఒక్కరి పనిలా కనపడుతుంది కానీ, అది ముగ్గురు కలిసి చేయాల్సిన పని.

లారీ భాష

లారీ కుడి ఇండికేటర్ వేసింది. అర్థమేంటి? కొందరు లారీ డ్రైవర్లకు ‘దాటి వెళ్లు’ అని. ఇంకొందరికి ‘ఎదురుగా బండి ఉంది, రావద్దు’ అని. చట్టం ప్రకారం ‘నేను కుడికి తిరుగుతున్నాను’ అని. ఒకే దీపానికి మూడు అర్థాలు! అందుకని కుడి ఇండికేటర్ చూస్తే కుడికి తిరుగుతుందనే అనుకుని ఆగండి. లారీ ఎడమకు జరిగిందా, దగ్గర్లో దారి ఏమైనా ఉందా చూసుకున్నాకే కదలండి. ఇండికేటర్ కన్నా డ్రైవరు చేయి నయం. కుడి చేయి బయటికి చాపి వెనక నుంచి ముందుకు ఊపితే వెళ్లమని అర్థం. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో కూడా ఈ సైగ ఉండేది. అయితే ఆ చేయి సలహా మాత్రమే, హామీ కాదు. చివరిసారి చూసుకోవాల్సింది మీరే.

ఘాట్ రోడ్డు మీద ఇంకో మర్యాద. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి. బరువుతో ఎక్కుతూ మధ్యలో ఆగిన బండి మళ్లీ కదలడం కష్టం.

ఇదంతా మర్యాద సంగతే కదా అని తీసిపారేయకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. మొదటిసారి దొరికితే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

* * *

ఆదివారం తిరుగు ప్రయాణంలో హాజీపూర్ దాటాక పత్తి బస్తాలతో ఓ ట్రాక్టరు అడ్డం తగిలింది. ఇరవైతో పోతోంది. ముందంతా మలుపులు. దానికి దూరంగా వెనకే ఉండిపోయాను. రెండు కిలోమీటర్లు అలాగే వెళ్లాం.

‘‘నాన్నా, హారన్ కొట్టు’’ అంది పాప.

‘‘ఆయనకు రోడ్డు కనపడుతోందిలే అమ్మా’’ అన్నాను.

మలుపులు అయిపోయాయి. తిన్నటి రోడ్డు వచ్చింది. ట్రాక్టరాయన ఎడమకు జరిగి చేయి ఊపాడు. నేను కూడా ఓసారి దూరంగా చూసుకున్నాను. ఖాళీ. దాటాక పాప వెనక అద్దంలోంచి ఆయనకు టాటా చెప్పింది. ఆయనా చేయెత్తాడు. వెనక సీట్లో అమ్మ మాత్రం లేవలేదు. హాయిగా నిద్రపోతోంది.