ఓడ బండెక్కితే

పిల్లలూ! “ఓడలు బండ్లవుతాయి” అనే సామెత విన్నారు గదా? పటాన్‌చెరులో ఒక పొడుగాటి తేలిక పడవను పికప్ బండికెక్కించి, మంజీరామీది సింగూరు జలాశయానికి తీసుకుపోవాలనుకోండి. అందుకు బండిమీద రెండు అడ్డుకమ్మీలు బిగించాలి. ఎక్కడ?

రెండు రబ్బరు ముక్కలను దగ్గరగా పెట్టి, వాటిపై స్కేలు ఉంచండి. ఒక కొన నొక్కితే రెండోది లేస్తుంది. ముక్కలను కొనలదాకా జరిపి నొక్కండి, లేవదు!

అందుకే ఒక కమ్మీ డ్రైవరు గది వెనక, రెండోది తొట్టి చివర ఉండాలి. పడవను కమ్మీలకు పట్టీలతో బిగించాలి. వేగంలో ఎదురుగాలి ముక్కును ఎత్తబోతుంది. కనుక ముక్కునూ, తోకనూ కూడా బండికి కట్టాలి. ముంబై రహదారిమీద ముడి వదులైతే వెనక వచ్చేవారి ప్రాణానికే ముప్పు.

కొంతదూరం పోయాక బండి ఆపి ముడులు చూడమని నాన్నగారికి గుర్తుచేసే పని మీదే!